ఏడో టవర్ కింద విస్తరి

ఏడో టవర్ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండుకు ఐదు నిమిషాలు తక్కువ. జూన్ నెల, 2009. శంషాబాద్ విమానాశ్రయం తెరిచి ఏడాది దాటింది. ఇనుప నిచ్చెనకు ఇరవై రెండు మెట్లు. పైన ఇద్దరు నిలబడేంత గది, నాలుగు వైపులా కిటికీలు, రేకు కప్పు. అరచెయ్యి ఆనిస్తే కాలేంత వేడి. దిగిపోతున్న జవాను నాకు అప్పగించినవి ఇవి: ఒక బైనాక్యులర్, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక సెర్చ్‌లైటు, ఒక రిజిస్టరు, సగం నిండిన నీళ్ల క్యాను. రైఫిలు, ఇరవై గుండ్ల మ్యాగజీను నాతో తెచ్చుకున్నవి. "సబ్ ఠీక్", అంతా సవ్యమే, అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టి అతను దిగిపోయాడు.

టవర్‌కు తూర్పున గోడ. గోడ మీద ముళ్లతీగ. గోడకు అవతల మట్టిబాట, సర్కారు తుమ్మలు, కిలోమీటరున్నర దూరంలో మా కాలనీ నీళ్ల ట్యాంకు. పడమర వైపు రన్‌వే చివర, దాని పక్కన గడ్డి. ఆ గడ్డిలో మూడెకరాలు మా చేను.

ఎవరూ చూపించకుండానే గుర్తుపట్టాను. మా బావిని పూడ్చిన చోట నేల కొంచెం కుంగి ఉంది. చెట్టు లేదు, ఒడ్డు లేదు, మా తాత, నాయనమ్మల సమాధులు లేవు. ఆ గుంట ఒక్కటే మిగిలింది. దాన్ని చదును చేయడం ఎవరో మరిచిపోయారు.

ఈ పోస్టింగు నేనే అడిగి తెచ్చుకున్నాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అప్పటికి కేంద్ర బలగంలో పదిహేనేళ్ల సర్వీసు. ఒక్కసారీ ఇంటి దగ్గర పడలేదు. బాపుకు, మా నాయనకు, ఊపిరితిత్తుల జబ్బు. దరఖాస్తులో కారణం దగ్గర అదే రాశాను. మంజూరైన రోజు తోటి జవాన్లకు మిఠాయి పంచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మిఠాయి మీద నాకు కోపం వస్తుంది.

మా కాలనీ కుర్రాళ్లు సాయంత్రం పూట నన్ను కూచోబెట్టుకుని అడుగుతుంటారు. "యాదన్నా, నువ్వు బార్డర్ల చేసినవా? కాల్పులు గిట్ల సూసినవా?" చూశాను. మంచు చూశాను, మందుపాతర చూశాను, పక్కవాడి కాలు పోవడం చూశాను. అవన్నీ అడిగిన వెంటనే చెప్పగలను. ఇంటికి సైకిల్ మీద పది నిమిషాల దూరంలో చేసిన రెండేళ్ల డ్యూటీ గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగరు గనక రాస్తున్నాను.

డ్యూటీ ఎనిమిది గంటలు. పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. ఎక్కే ముందు అరగంట గేటు దగ్గర వరుసలో నిలబడితే ఇన్‌స్పెక్టర్ ఆర్డర్లు చదివేవాడు. ఆయనది కోస్తా వైపు. నెమ్మదస్తుడు. గోడకు అవతల యాభై మీటర్ల లోపల ఎవరూ ఆగకూడదు. చెత్త, మాంసం, అన్నం, ఏదీ పారవేయకూడదు. పక్షులు గుమిగూడితే రెండు నిమిషాల్లో కంట్రోల్ రూముకు చెప్పాలి. చెబితే పక్షుల జట్టు జీపులో వచ్చి పటాకులు పేల్చి తోలేస్తుంది. దిగే విమానం ఇంజన్లో ఒక్క పక్షి పడితే రెండు వందల ప్రాణాలు. ఆ ఆర్డరులో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

"యాదయ్యా, బయట తిరిగేవాళ్లంతా మీ ఊరివాళ్లే కదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మొదటివారమే. "నువ్వు చెబితే వింటారు. కాస్త నచ్చజెప్పుకో."

అప్పుడు అర్థమైంది మా బలగం మమ్మల్ని ఎందుకు దూరదూరాలకు తోలుతుందో. గోడ అవతలి మనిషి మాట అర్థం కానివాడే పనికొచ్చే కాపలాదారు. తెల్లదొరలు ఈ కిటుకు కనిపెట్టి పోయారు. ఇక్కడి మనిషిని అక్కడ, అక్కడి మనిషిని ఇక్కడ నిలబెట్టారు. వాళ్లు పోయారు గానీ రోస్టరు మాత్రం అలాగే ఉంది. నా దరఖాస్తు పొరపాటున ఆ లెక్క తప్పించింది.

టవర్ మీద నా జోడీ జార్ఖండ్‌వాడు. ఒక షిఫ్టు నాది, తరవాతిది అతనిది. మధ్యలో అప్పగింతల పేరుతో పావుగంట కబుర్లు. హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. పొట్టి మనిషి, ఖైనీ నమిలేవాడు, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి.

"అదిగో, ఆ గుంట మా బావి," అని చూపించాను ఒకరోజు.

అతను బైనాక్యులర్ పెట్టి చాలాసేపు చూశాడు. "మాకు గుంట కాదు, కొండ. కొండే లేదు ఇప్పుడు. ఇనుపరాయి ఉందని దొరల కాలంలో తవ్వడం మొదలుపెట్టారు. మా తాత తమ్ముళ్లను అప్పుడే తేయాకు తోటలకు రైలెక్కించారు. వాళ్ల మనవళ్లు ఇంకా అస్సాంలోనే ఉన్నారు. మీరు బయటివాళ్లు, పొండి అంటారట అక్కడ. ఎక్కడికి పోతారు? కొండ లేదుగా."

ఆ రాష్ట్రంలో నేను మూడేళ్లు గని కాపలా కాశాను. అతని కొండ కాదు, పక్క జిల్లా. అక్కడా తీగకంచె ఉండేది. ఆడవాళ్లు తట్టలు పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి ఏదో చెప్పేవాళ్లు. చేతులు జోడించి చెప్పేవాళ్లు. "పీఛే హటో", వెనక్కి పొండని అరిచేవాణ్ణి. వాళ్లు ఏమనేవాళ్లో తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. పని హాయిగా సాగింది.

"మీ కొండ గేటు దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?" అని అడిగాను.

"ఒక తమిళోడు, ఒక తెలుగోడు." నవ్వాడు. "మంచివాళ్లే. మా భాష రాదు కదా, నిద్ర బాగా పడుతుంది."

డ్యూటీ దిగాక కాలనీకి పోయేవాణ్ణి. భూమి పోయినవాళ్లకు ఇచ్చిన ప్లాట్లలో ఇళ్లు. వరుసగా, ఒకే కొలత. మా తమ్ముడు కాటేదాన్‌లో ప్లాస్టిక్ కార్ఖానాలో పనికి కుదిరి మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉండేవాడు. అతని బిల్డింగులో పైన ఒడిశావాళ్లు, కింద బీహార్‌వాళ్లు. మా గోడ కట్టిన మేస్త్రీలు కూడా వాళ్లలో ఉన్నారట. ఆ వాడలో ఆ వాడకు చెందినవాడు ఒక్కడూ లేడని తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు.

మొదటిరోజు యూనిఫారంలోనే ఇంటికి పోయాను. బాపు మంచం మీద కూచుని బీడీ వెలిగిస్తున్నాడు. డాక్టర్లు వద్దన్న బీడీ. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏం సారూ, మా చేను మంచిగున్నదా?"

"మంచిగున్నది బాపూ."

"ఎవలన్న దున్నుతున్నరా?"

"గడ్డి వెరిగింది."

"గట్లనా? మరి మన బర్రెను తోల్కరమ్మంటవా? నువ్వే సార్‌వి గదా, పాసు రాసియ్యి."

నవ్వి నవ్వి దగ్గు అందుకున్నాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నన్నూ ఆయన్నీ కలిపి తిట్టింది. దగ్గు తగ్గాక బాపు గొంతు తగ్గించి అడిగాడు. "బాయి జాడ ఏమన్న ఉన్నదా?"

గుంట గురించి చెప్పాను. ఆయన బీడీ ఆర్పేశాడు. మిగిలిన సగం చెవి మీద పెట్టుకున్నాడు.

అప్పటినుంచి అది రోజువారీ వ్యవహారం అయింది. రిజిస్టరులో రాసింది ఇన్‌స్పెక్టర్‌కు. రాయనిది బాపుకు. "బాయి కాడ ఏమైంది?" అని అడిగేవాడు. ఎండింది, ఉడుము తిరిగింది, గడ్డి కోసే మిషను పోయింది, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. తొలకరి పడిన నాలుగో రోజు గుంట మిగతా గడ్డికన్నా ముందు పచ్చబడింది. ఆ సంగతి చెప్పడానికి సైకిల్ ఎంత తొక్కానో నాకే తెలియదు. "పచ్చగైంది బాపూ!" "మరి కాదా!" అన్నాడు ఆయన. "పదిగజాల కింద నీళ్లున్నయ్ బిడ్డా. గోడ కడితే నీళ్లు పోతయా?" నా చిన్నప్పుడు బలగంలో చేరతానంటే నాలుగు రోజులు మాట్లాడని మనిషి. ఆ వానాకాలం మేమిద్దరం మాట్లాడుకున్నంత ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇక బతుకమ్మ పండుగ దాటిన వారం గురించి.

ఆ బావి మాకూ పక్కచేను నర్సయ్యకూ పొత్తు. రోజు విడిచి రోజు వంతు. నర్సయ్య నాకు వరసకు చిన్నాయన, ఆయన భార్య లచ్చమ్మ చిన్నమ్మ. చిన్నప్పుడు ఆమె సద్దిలో నా వంతు కూడా ఉండేది. నర్సయ్య సర్కారు దవాఖానలో పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టాలి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు మనిషి పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి పూడ్చిన బొంద దగ్గర విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరూ పిలిచి మాట ఇస్తారు: నీ బిడ్డ పెళ్లి చేస్తాం, నీ పశువును అమ్మం, ముట్టు అని. కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు.

నాది పొద్దుటి షిఫ్టు. పది గంటల ఇరవై నిమిషాలకు పదకొండుమంది తుమ్మల్లోంచి వచ్చి గోడ ముందు ఆగారు. లచ్చమ్మ చేతిలో మోదుగాకు విస్తరి. తెల్లటి అన్నం, కోడికూర, పక్కన కల్లుముంత.

"చిన్నమ్మా, ఈడ వెట్టొద్దు," అని పైనుంచి అరిచాను. "జర అవుతలికి పోండ్రి."

"బొంద కాడ వెట్టినం బిడ్డా. రెండు గంటలు సూసినం. పిట్ట రాలే." తలెత్తి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీ చిన్నాయిన మనసు బాయి కాడ్నే ఉన్నది. ఈడికైతే బాయి దగ్గర గదా. పది నిమిషాలు బిడ్డా, ఇగ పోతం."

విస్తరి గోడకు పన్నెండు అడుగుల దూరంలో పెట్టారు. నేను ఊరుకున్నాను. పది ముప్పై నాలుగుకు ముళ్లతీగ మీద నాలుగు కాకులు. తరవాత తొమ్మిది. రెండు నిమిషాల ఆర్డరుకు నాలుగు నిమిషాలు ఆగాను. నా తరఫున చెప్పుకోగలిగింది అంతే. పది యాభైకి విమానం ఉంది. ఒక కాకి తీగ మీది నుంచి దిగి విస్తరి వైపు గెంతింది. ఇంకో గెంతు వేసింది. జానెడు దూరం.

సెట్టు బటన్ నొక్కాను. "టవర్ సెవెన్ ఫర్ కంట్రోల్. బర్డ్స్, గోడకు బయట. ఓవర్."

"రోజర్, టవర్ సెవెన్. జట్టు మీ దగ్గర్లోనే ఉంది."

జీపు నిజంగానే దగ్గర్లో ఉంది. అర నిమిషం పట్టలేదు. గోడ లోపలి నుంచి మూడు పటాకులు పైకి లేచి అవతల పేలాయి. కాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. జానెడు దూరంలో ఉన్నది కూడా.

లచ్చమ్మ నావైపు చూసింది. "సూసినవ్ గద, యాదిగా. ముట్టబోయె."

"డ్యూటీ చిన్నమ్మా," అన్నాను.

 బైనాక్యులర్ తీసి ఒకసారి అటు చూశాను. చూసి, దించేసి, రన్‌వే వైపు తిరిగాను. రిజిస్టరులో రాశాను: 10:38 పక్షులు. 10:45 క్లియర్. విమానం దిగింది 10:52. షిఫ్టు దిగాక ఇన్‌స్పెక్టర్ భుజం తట్టాడు. "సొంత మనుషులని కూడా చూడలేదు, శభాష్." నాకు ఆ క్షణం సంతోషం కలిగింది. దాచను. కలిగింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి బాపు మంచం మీద నిటారుగా కూచుని ఉన్నాడు. బీడీ లేదు.

"నర్సిగాని ముద్ద మీద పటాకులు కొట్టిచ్చినవంట."

"ఆర్డర్ బాపూ. ఇమానం వచ్చే టైం."

"తప్పంటలేను. నీ నౌకరి నువ్వు చేసినవ్." దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు. "ఒక్క మాట ఇను. నేను సచ్చినంక నా ముద్ద నువ్వు వెట్టకు. నీ తమ్ముడు వెడ్తడు."

"గదేంది బాపూ, పెద్దకొడుకును నేను..."

"అయిపోయింది. ఇగ ఆ ముచ్చట తియ్యకు."

పెద్దకొడుకు ఉండగా చిన్నవాడు పెట్టడమంటే మావాళ్లలో పెద్దవాడు బతికి లేనట్టు లెక్క. అమ్మ ఏడ్చింది. నేను కోపంతో లేచి వచ్చేశాను. ఎవరిమీద కోపమో ఆ రోజు తెలియలేదు.

ఆ తరవాత బాపు బావి సంగతి అడగలేదు. పండక్కి బట్టలు తీసుకున్నాడు, మందులు మింగాడు, నేను పెట్టింది తిన్నాడు. ఆ ఒక్కటీ అడగలేదు. ఆ చలికాలం నగరంలో ఉద్యమం లేచింది. రోడ్లు మూసేశారు, మాకు సెలవులు రద్దు చేశారు, పన్నెండేసి గంటల డ్యూటీ వేశారు. ఎవరు బయటివాళ్లు, ఎవరు మనవాళ్లు అని ప్రతి చాయ్ హోటల్లో పంచాయితీ. మా కాలనీలో ఆ పంచాయితీ లేదు. గోడ లోపల ఉన్నవాడు ఎవడైనా బయటివాడే. వాళ్లలో నేనూ ఒకణ్ణి. లచ్చమ్మ ఎదురుపడితే "తిన్నవా బిడ్డా" అనేది, ఎప్పటిలాగే. అందుకే ఆమె ఇంటిముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మరుసటి ఏడు తొలకరికి గుంట మళ్లీ పచ్చబడింది. అడగకుండానే చెప్పాను. "బాపూ, బాయి కాడ పచ్చగైంది." ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ కార్తీకంలో ఒక పొద్దున ఏడు దాటాక బాపు పోయాడు. నాకు పన్నెండు రోజుల సెలవు ఇచ్చారు. చేనులో తన అమ్మా నాయనల పక్కన పెట్టమని ఎప్పుడూ అనేవాడు. అది కుదిరేది కాదు కదా. కాలనీకి ఇచ్చిన బొందలగడ్డలో పెట్టాం, కొత్తగా పడిన ఆరో బొంద.

మూడో రోజు పొద్దున తొమ్మిదికి విస్తరి తమ్ముడు పెట్టాడు. నేను వెనక నిలబడ్డాను. అన్నం, మేక కార్జం వేపుడు, కల్లు, ఒక బీడీ కట్ట. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. ఆకాశంలో ఒక్క కాకి లేదు.

"నీ బర్రెను అమ్మను, ముట్టు," అంది అమ్మ.

"కార్ఖాన ఇడిసిపెట్టి అమ్మ కాడ్నే ఉంట బాపూ," అన్నాడు తమ్ముడు.

మంఖాల్‌లో ఇచ్చిన మా చెల్లె కడుపుతో ఉంది. "ఆడపిల్లైతే మీ అమ్మ పేరు వెడ్త బాపూ. ముట్టు బాపూ," అని ఏడ్చింది.

పదిన్నర. అందరూ నావైపు చూశారు. ముందుకొచ్చి దండం పెట్టాను. "బాపూ, తప్పైంది. ముట్టు." ఏమీ లేదు. పదకొండు. ముసలాయన ఒకడు అన్నాడు: "ఇంతకుముందు ఈ తుమ్మల నిండ కాకులే ఉండె గదరా. యాడవోయినయ్?"

యాడ పోయాయో నాకు తెలుసు. పదిహేడు నెలలుగా రోజూ కంట్రోల్‌కు కబురు పెట్టి తోలించింది నేను. నా రిజిస్టర్ల నిండా అవే.

పదకొండుంపావుకు లచ్చమ్మ ముందుకొచ్చింది. "విస్తరి ఎత్తుండ్రి. గోడ కాడికి పోదాం."

ఎవరూ కదలలేదు. అందరికీ పోయినేడాది గుర్తే. ఆమెకు లేదా? విస్తరి తానే రెండు చేతుల్లోకి తీసుకుని నడిచింది. మేమంతా వెనక నడిచాం. కిలోమీటరున్నర. ఎండ. చెల్లెను ఇద్దరు పట్టుకున్నారు. ఆ గంటలో టవర్ మీద ఎవరుంటారో నాకు తెలుసు. విమానం పదకొండు యాభై ఎనిమిదికి అన్నదీ తెలుసు.

పదకొండు నలభైకి గోడ చేరాం. "పీఛే హటో!" అని పైనుంచి నా జోడీ గొంతు. తరవాత నన్ను గుర్తుపట్టాడు. ఒంటిమీద ఒక్క పంచెతో, గడ్డంతో ఉన్నాను. చెయ్యెత్తి విస్తరి చూపించాను. పిట్టకు పెట్టే సంగతి అతనికి ఎప్పుడో చెప్పి ఉన్నాను. వాచీ చూసుకున్నాడు. సెట్టు మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మెల్లగా రన్‌వే వైపు తిరిగాడు. కిటికీ నిండా అతని వీపు.

పన్నెండు నిమిషాలు గడిచాయి. రెండు కాకులు వచ్చి తీగ మీద వాలాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కాకులు అటూ ఇటూ కదిలాయి, దిగలేదు. అన్నం వైపు చూసి, మావైపు చూసి, మళ్లీ అన్నం వైపు చూశాయి.

లచ్చమ్మ నా దగ్గరికి వచ్చింది. మెల్లగా మాట్లాడింది, ఎవరికీ వినబడకుండా. "యాదిగా, నువ్వు జర దూరం పో బిడ్డా."

"చిన్నమ్మా, నేను..."

"మీ బాపు మాట మీదున్నడు. ఎర్కే గదా ఆయన సంగతి." నా భుజం మీద చెయ్యి వేసింది. "కాకులు గూడ నిన్ను గుర్తువడ్తయ్ బిడ్డా. ఎన్నొద్దులాయె నిన్ను సూడవట్టి."

కోపంతో అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె గొంతులో కోపం లేదు. నేను అమ్మ చెయ్యి విడిపించుకుని బాట వెంట నడిచాను. బొంద దగ్గరి నుంచి పోతూ వెనక్కి తిరిగి చూడకూడదంటారు. చూడలేదు. అడుగులు లెక్కపెట్టాను, అలవాటు. రెండు వందల పదో అడుగు దగ్గర వెనక అమ్మ అరుపు వినబడింది. తరవాత అందరి గొంతులు. "ముట్టింది! ముట్టింది!" ఆ మీదట విమానం నా నెత్తి మీదుగా దిగింది. పటాకులు పేలలేదు. నేను బాట మధ్యలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బాపుకు తృప్తి అయింది. నేను అక్కడ లేనందుకే అయింది.

సెలవు అయిపోయాక టవర్ ఎక్కాను. రిజిస్టరు తిరగేశాను. ఆ రోజు, ఆ గంట ఎదురుగా జోడీ వంకర అక్షరాలు: సబ్ ఠీక్.

"నాకోసం తప్పు రాశావు," అన్నాను. "పట్టుబడితే నౌకరి పోయేది. విమానం కూడా ఉంది ఆ టైంకు."

"తెలుసు. ఆ పన్నెండు నిమిషాలు చెమటతో చొక్కా తడిసింది." ఖైనీ చేతిలో నలిపాడు. "మా కొండ గేటు దగ్గరున్న ఆ తెలుగోడు కూడా ఎప్పుడన్నా ఒక్కసారి అటు తిరిగితే బాగుండు అనిపించింది. అందుకే."

నేను గని దగ్గర చేసిన మూడేళ్లూ గుర్తు చేసుకున్నాను. ఒక్క రోజైనా అటు తిరిగి ఉంటానేమోనని వెతుక్కున్నాను. లేదు.

2011లో నన్ను ఒక ఓడరేవుకు మార్చారు. అక్కడా గోడే. గోడ అవతల జాలరులు, వాళ్ల భాష నాకు రాదు. నిద్ర మాత్రం పట్టలేదు. ఇరవై ఏళ్లు నిండగానే కాగితాలు పెట్టాను. 2014 వానాకాలంలో ఇంటికి వచ్చాను. కొత్త రాష్ట్రం వచ్చి నెల దాటింది. ఊరికే రైలెక్కడానికి వారెంటు ఉన్నా చేతి డబ్బు పెట్టి విమానం టిక్కెట్టు కొన్నాను, జీవితంలో మొదటిసారి. కిటికీ సీటు అడిగాను. దిగేటప్పుడు రెండు సెకన్లు కనబడింది. ఏడో టవరు, గోడ, గడ్డిలో గుంట. పచ్చగా ఉంది. పక్కసీటు ఆయన ఏమైందండీ అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

లచ్చమ్మ ఇంకా ఉంది. కాలనీలో మా వెనక వరుస. ఇప్పుడు ఆమె ఇంటి ముందు నుంచే పోతాను. "తిన్నవా బిడ్డా?" అంటుంది. తిన్నా తినకపోయినా తిన్నాననే చెబుతాను. ఆమె పెట్టిన ముద్ద నాకు గొంతు దిగదు. కారణం ఆమెకు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

నర్సయ్య పిట్ట రోజున, పటాకులు పేలాక, బైనాక్యులర్ తీసి ఒకసారి చూశానని రాశాను. చూసింది ఇది. పటాకుల ఎర్రకాగితం ముక్కలు గాల్లోంచి రాలి తెల్లటి అన్నం మీద పడ్డాయి. మిగతావాళ్లు వెళ్లిపోదామని లేస్తున్నారు. లచ్చమ్మ విస్తరి ముందు గొంతుకూచుని, ఒక్కొక్క ముక్కనూ రెండు వేళ్లతో ఏరింది. ఏరినవి కింద పడేయలేదు. గోడ దగ్గర చెత్త వేయొద్దని కాలనీలో నేను ఇంటింటికీ చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. అన్నీ కొంగులో మూట కట్టుకుంది. తరవాత విస్తరిని గోడకు ఇంకొంచెం ఎడంగా జరిపి, ఆకాశం వైపు చూస్తూ కూచుంది.